అత్తగారు పడ్డ మాట

కోడలు కాపురానికి వచ్చిన ఇల్లు సగం ఇల్లు, సగం లాండ్రీ. వీధివైపు గదుల్లో ఉతికే యంత్రాలు, ఆవిరి బాయిలరు, పొడవాటి ఇస్త్రీ బల్లలు. వెనకవైపు వంటిల్లు, పడక గదులు. రెండింటికీ నడుమ పెద్ద వాకిలి. అందులో ఏ వేళప్పుడు చూసినా హోటళ్ళ దుప్పట్లు ఆరుతూ ఉంటాయి. ఉతకడం మామగారి పని. వ్యానులో బట్టలు తేవడం, ఇచ్చిరావడం ఆయన తమ్ముడి పని. అత్తగారు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి అన్నదమ్ములిద్దరినీ, యంత్రాలనీ, వచ్చిన గిరాకీనీ ఒకే గొంతుతో అదిలిస్తూ ఉంటుంది. ఆవిడ ఇస్త్రీ చేసిన కాలరు మీద ముడత వెతికి పట్టుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదని ఆ వీధిలో చెప్పుకుంటారు.

కోడలిది వేరే పని. పళ్ళ డాక్టరమ్మ దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. మైనంతో చిగుళ్ళు మలిచి, వాటిలో పళ్ళు ఒక్కొక్కటే వరసగా నిలబెట్టి, ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళకి అమరుస్తుంది. "మా ఆవిడ చేతికి చిక్కితే ఎవరి నోరైనా బాగుపడుతుంది" అని ఆమె భర్త తన బస్సులో ఎక్కినవాళ్ళందరికీ చెబుతూ ఉంటాడు. అతను సిటీ బస్సు డ్రైవరు.

ఒక ఆదివారం మామగారి అక్క వచ్చింది. ఆవిడ గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. అందుకని పిల్లలంతా చాటున ఆవిడని మైకత్త అంటారు. ఆవిడ వచ్చే సమయానికి అన్నదమ్ములిద్దరూ వ్యాను టైరులో గాలి ఎవరు కొట్టించాలన్న దాని మీద కీచులాడుకుంటున్నారు. కోడలు టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చి, వాళ్ళిద్దరి మధ్యా ఉన్న కాస్త జాగాలో కుర్చీ ఇరికించుకుని కూర్చుంది. ఎవరి మొహం ఎవరికీ కనపడక తగువు అక్కడితో ఆగిపోయింది.

మైకత్తకి అది తెగ నచ్చింది. "అచ్చం అత్త పోలికే! నీకు తెలుసా అమ్మాయ్, మీ అత్తని మా అమ్మ ఏమనేదో? ఎలికిణి!"

అత్తగారి చేతిలో గ్లాసు ఠక్కున బల్ల మీద ఆనింది. వాకిట్లోకి వెళ్ళి, ఇంకా నీళ్ళు కారుతున్న దుప్పట్లు తీగల మీంచి లాగి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసే మనిషి తడి బట్ట మడతపెట్టిందంటే కోపం ఏ మెట్టు మీద ఉందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మైకత్త టీ కూడా పూర్తిగా తాగకుండా బయల్దేరింది.

"ఏమిటా మాట?" అని కోడలు తర్వాత భర్తని అడిగింది.

"ఇంట్లో మాత్రం అనకు. చిన్నప్పుడు తెలియక ఒకసారి అన్నాను. అమ్మ చెవి మెలిపెట్టిన చోటు ఇప్పటికీ ఎర్రగా ఉంటుంది చూడు."

"ఏ చెవి?"

అతను ఒక చెవి చూపించాడు. కాస్త ఆలోచించి రెండోది చూపించాడు. అర్థం మాత్రం చెప్పలేకపోయాడు.

మర్నాడు పనికి వెళ్ళబోయే ముందు కోడలు యంత్రాల గదిలోకి వెళ్ళి మామగారిని అడిగింది. ఆయన ముందు ఇస్త్రీ గదివైపు ఒకసారి చూసుకున్నారు. పెద్ద యంత్రం ఆన్ చేసి, ఆ హోరులో తన గొంతు గడప దాటదని నమ్మకం కుదిరాక మొదలుపెట్టారు.

అది ఆయన పెళ్ళయిన కొత్త. తమ్ముడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఇద్దరూ కలిసి లాండ్రీ పెట్టి కొద్దికాలమే అయింది. ఒకరోజు పెద్ద హోటలువాళ్ళ తెల్ల దుప్పట్లన్నీ యంత్రంలోంచి లేత నీలం రంగులో బయటికొచ్చాయి. ఎవరో కొత్త నీలం మేజోడు ఒకటి అందులో పడేశారు. నువ్వంటే నువ్వని అన్నదమ్ములు అనుకున్నారు. మాటా మాటా పెరిగింది. కాసేపటికి మేజోడు సంగతి ఎటో పోయి, తగువు చిన్నప్పుడు విరిగిన బొంగరం దాకా వెళ్ళింది. చివరికి ఒకరి మొహం ఒకరు చూసుకునేది లేదు, వాకిలి మధ్యలో గోడ లేవాల్సిందే అన్నారు. మేస్త్రీ వచ్చాడు. పునాదికి గొయ్యి తవ్వించాడు.

"ఇటుకలు దింపుతున్నారు. ఇంతలో మీ అత్త వంటింట్లోంచి పీట, కత్తి, కూరగాయల గంప పట్టుకొచ్చి ఆ గోతిలో దిగి కూర్చుంది."

"కూర్చుని?"

"కూరలు తరుగుతోంది! లేవమ్మా అన్నాడు మేస్త్రీ. లేవలేదు. నేను గొంతు చించుకున్నాను. లేవలేదు. 'అన్నదమ్ములిద్దరూ ఒకచోట కూర్చుని అన్నం తింటామంటే లేస్తాను. లేదంటే నా మీదే కట్టుకోండి గోడ. వంకరగా కడితే మాత్రం ఊరుకోను' అంది."

మామగారికి ఇప్పటికీ నవ్వు ఆగలేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

"మరి చివరికి?"

"సాయంత్రానికి కడుపులు కాలాయి. ఇంట్లో ఉన్న కూరలన్నీ గోతిలోనే ఉన్నాయాయె! ముందు తమ్ముడు నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. మేస్త్రీ గొణుక్కుంటూ గొయ్యి పూడ్చాడు. అదిగో, మీ అత్త గోతిలోంచి పైకి వస్తుంటే మా అమ్మ అందరి ముందూ అంది, 'ఇది ఎలికిణి' అని. అమ్మ పుట్టిల్లు ఏటికి ఎగువన, అడవుల వైపు. అక్కడి మాటలు కొన్ని ఆవిడతోటే వచ్చాయి. మాకు తెలియవు. మా అక్క పకపకా నవ్వి, 'ఎలుక అంటోందే నిన్ను! కలుగులో దూరావు కదా' అంది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. అంతే, మీ అత్త మనసు విరిగిపోయింది."

"మామ్మగారినే అడగొచ్చు కదా మామయ్యా?"

"మా అమ్మ అన్న మాట మళ్ళీ అనే రకం కాదమ్మా. ఏమన్నావని అడిగితే 'చెవులున్నాయిగా' అనేది. మీ అత్తకేమో పౌరుషం. అడిగితే చిన్నతనమని అడగలేదు. అలాగే ఏళ్ళు గడిచాయి, అమ్మ పోయింది." ఆయన యంత్రం అద్దంలోంచి తిరుగుతున్న దుప్పట్ల వైపు చూశారు. "నన్నడిగితే అది ఎరుకలోంచి వచ్చిన మాట. తెలివిగలది అని అర్థం అయి ఉంటుంది. కానీ ఆ మాట ఒకసారి అంటే, ఊరడించడానికి కల్పించానంది."

చిన్న మామగారిని అడిగితే ఇంకోలా చెప్పారు. ఆయన వ్యాను తలుపు మూసుకుని మరీ చెప్పారు. "అందులో వెలి ఉందమ్మా. బయటికి తోసెయ్యాల్సిన మనిషి అని. నేనన్నానని మాత్రం చెప్పకు తల్లీ, వదిన నాకు అన్నం పెట్టదు."

ఎలుక, ఎరుక, వెలి. ఒక్క మాటకి ఇంట్లోనే మూడు అర్థాలు! ఎవరి అర్థం వాళ్ళు పట్టుకుని, ఒక మనిషి చుట్టూ ఇన్నేళ్ళుగా తిరుగుతున్నారు. కోడలికి ఇక నిద్ర పట్టలేదు. అత్తగారు తనని కూతురిలా చూసుకుంటుంది. ఆవిడ మనసులో ఇంత ముల్లు ఉందని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

కొత్త పళ్ళు అమర్చాక మాట సరిగా పలుకుతోందో లేదో చూడటానికి వచ్చినవాళ్ళ చేత కొన్ని మాటలు అనిపించడం ఆమెకి అలవాటు. సీసా, పలక, రాట్నం, లాలి. ఆ వారం నుంచి వాటి చివర ఇంకొకటి చేర్చింది.

"ఎలికిణి అనండి."

"ఎలికిణి."

"బాగా పలికింది. ఈ మాట ఎక్కడైనా విన్నారా?"

అదేదో దగ్గుమందు అయి ఉంటుందని ఒకాయన అన్నాడు. రిటైరైన స్టేషను మాస్టరు ఒకాయన తన సర్వీసు మొత్తంలో ఆ పేరుగల స్టేషను లేదని ఖరాఖండీగా చెప్పాడు. ఇంకొక పెద్దావిడ అద్దం దించి, "నన్నేనా అన్నావు?" అని కుర్చీలోంచి లేచి నిలబడింది. డాక్టరమ్మ కోడలిని లోపలికి పిలిచింది.

"నా దగ్గరికి వచ్చినవాళ్ళని తిడుతున్నావటగా?"

కోడలు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. డాక్టరమ్మ నవ్వి నవ్వి మాస్కు తీసేసింది. "సరే, అడుగు. కానీ పళ్ళు బిగిశాక అడుగు. ముందే అడిగితే పారిపోతారు."

పిడులవ్వ వచ్చింది ఆ తర్వాతే. గొడ్డళ్ళకీ, పారలకీ, సుత్తులకీ పిడులు అమ్మే కొట్టు చాలాకాలం నడిపింది కాబట్టి ఆవిడకి ఆ పేరు. మనవరాలి పెళ్ళి ఫొటోల్లో పళ్ళు కనిపించేలా నవ్వాలని ఆవిడ కోరిక. పై సెట్టు చక్కగా కుదిరింది. కింది సెట్టు మాత్రం మాట్లాడినప్పుడల్లా కదులుతోంది.

"ఆడుతోందే తల్లీ" అంది అవ్వ దవడ పట్టుకుని. "ఇక్కడ చిన్న ఇరికిణి ఒకటి కొట్టవే, కదలకుండా ఉంటుంది."

కోడలి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "ఏం కొట్టాలి అవ్వా?"

నోట్లో అన్ని పళ్ళు పెట్టుకుని వివరంగా చెప్పడం అవ్వకి ఇంకా అలవాటు కాలేదు. రెండు సెట్లూ తీసి గిన్నెలో పెట్టి, ఒక్కొక్క అక్షరం ఒత్తి పలికింది.

"ఎలికిణి!"

కోడలు ఎగిరి గంతేసినంత పని చేసింది. అవ్వ బెదిరిపోయి, "అంత నొప్పి పెట్టే పనైతే వద్దులే" అంది.

నిదానంగా అంతా బయటికి వచ్చింది. అవ్వ పుట్టింది కూడా ఏటికి ఎగువనే. అక్కడ ఇంటింటా కలప పనే. గొడ్డలి బెజ్జంలో కర్రపిడి, అదే కామ, దూర్చాక, కామ కొనకి చిన్న చీలిక పెట్టి, అందులో ఒక సన్నటి చెక్కపేడు దిగ్గొడతారు. అది లోపలికి దిగినకొద్దీ కామ వెడల్పై గొడ్డలిని గట్టిగా పట్టుకుంటుంది. అది లేకపోతే గొడ్డలి ఊడి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. ఇరుకులో దూరి ఇరుకు చేసేది కాబట్టి అది ఇరికిణి.

"మా తాత ఇరికిణి అనేవాడు. మా అమ్మ ఎరికిణి అనేది. ఏరు దిగి వచ్చేకొద్దీ ఒక్కో రేవులో ఒక్కో అక్షరం అరిగింది. ఇక పళ్ళు రాలాయా, అందరికీ ఎలికిణే" అని అవ్వ బోసినోటితో నవ్వింది. "ఎందుకే అంత మిడిగుడ్లు వేసుకుని చూస్తున్నావు?"

కోడలు గొయ్యి కథ చెప్పింది. అవ్వ వింటూ వింటూ తొడ చరుచుకుంది. "మరి ఇంకేం కావాలి! ఆవిడకి సరిగ్గా సరిపోయింది. మా వైపు మనుషుల్ని కూడా అంటాం కదా ఆ మాట."

"మా ఇంటికి వచ్చి ఈ ముక్క మా అత్తయ్యకి చెబుతావా అవ్వా? నేను చెబితే కల్పించానంటుంది."

"టీ ఇస్తారా?"

"ఇస్తాం."

"అయితే వస్తా. పళ్ళు పెట్టుకునే వస్తా."

తోడు ఉండమని కోడలు భర్తని బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజు నాకు డ్యూటీ ఉంది."

"ఏ రోజు?"

"నువ్వు ఆవిడని ఏ రోజు పిలిస్తే ఆ రోజు."

అవ్వ సాయంకాలం వచ్చింది, పెళ్ళికి కప్పుకోవాల్సిన శాలువా ఇస్త్రీకి ఇవ్వాలన్న నెపంతో. అత్తగారు ఒక చొక్కా ఇస్త్రీ చేస్తూనే శాలువా అంచు వేళ్ళతో తడిమి, కూర్చోమని కుర్చీ చూపించింది. కోడలు టీ తెచ్చింది. మాట ఎలా ఎత్తాలో తెలియక గోడ వైపు చూస్తూ నిలబడింది. అవ్వకి అంత మొహమాటం లేదు. బాయిలరు పక్కన పడి ఉన్న సుత్తి మీద ఆవిడ కన్ను పడింది. దాని తల ఊడిపోకుండా ఎవరో పాత గుడ్డతో కట్టారు.

"అయ్యో, సుత్తికి పంటినొప్పా?" అంది అవ్వ. "ఒక చెక్కపేడు, కత్తి ఇలా ఇవ్వండి."

చెక్కపేడు సన్నగా చెక్కి, పిడి కొనలో చీలిక పెట్టి, నేల మీద ఠంగు ఠంగుమని కొట్టి సుత్తి అత్తగారి ముందు పెట్టింది. "ఇప్పుడు లాగండి చూద్దాం. రాదు. దీన్నే మా వైపు ఇరికిణి అంటాం. పళ్ళు లేని నోట ఎలికిణి."

అత్తగారు కదల్లేదు. మొహం బిగుసుకుంది. గదిలో మాడు వాసన వేసింది. ఇస్త్రీ పెట్టె చొక్కా కాలరు మీదే ఉండిపోయింది. ఆవిడ చేతి కింద ఒక బట్ట కాలడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"చొక్కా అత్తయ్యా!"

అత్తగారు పెట్టె పైకెత్తి, మాడిన కాలరు వంక చూడను కూడా చూడలేదు. "మనుషుల్ని కూడా అంటారా ఆ మాట?" అంది అవ్వతో.

"అంటాం. ముఖ్యంగా కోడళ్ళని."

"తిట్టా? పొగడ్తా?"

"రెండూను. కొట్టకముందు అది ఉత్త చెక్కపేడు, కాళ్ళకి అడ్డం. కొట్టాక ఇక ఎవరి తరమూ కాదు పీకడం. పీకితే అంతా ఊడుతుంది. దీన్ని మనం ఇక వదిలించుకోలేం, ఇది ఉండబట్టే మనం ఒకచోట ఉన్నాం అని దాని అర్థం. మా అత్త నన్ను ఆ మాట అనాలని ఎంత చూశానో! పోయేదాకా అనలేదు మహాతల్లి."

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ పని వేళలో కూర్చోవడం కోడలు అదే మొదటిసారి చూడటం.

"మా అత్తకి ముందు పళ్ళు లేవు" అంది నెమ్మదిగా. "ఏమన్నా సగం గాలే వచ్చేది. మా వదిన ఎలుక అంది. నేను నమ్మేశాను." ఒక్కసారిగా గొంతు పెంచింది. "అయితే మాత్రం ఆ ముక్క విడమరిచి చెప్పొచ్చు కదా ఆ మనిషి! చెక్కపేడమ్మా, గొడ్డలమ్మా అని! నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా? జ్వరమొస్తే కాళ్ళు పట్టాను, జావ తాగించాను. కానీ ఒక్కనాడు మొహంలోకి చూసి నవ్వలేదు నేను. ఎంత పని చేసిందో చూడు!"

తిడుతూనే కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుంటూనే నవ్వింది. చప్పుడు విని మామగారు పరుగెత్తుకొచ్చారు. విషయం విని, "నేను చెప్పలేదూ, మంచి మాటేనని!" అన్నారు.

"మీరు చెప్పింది ఎరుక. అది కూడా తప్పే" అంది అత్తగారు. "ముందు ఆ చొక్కా ఎవరిదో చూడండి."

అది చిన్న మామగారిది. కొత్తది. ఆయన దాన్ని చూసి నోరు తెరిచి, వదిన మొహం చూసి మూసేశారు.

అత్తగారు వెంటనే ఫోను తీసి ఆడపడుచుకి కలిపింది. "వదినా, ఎలుక కాదు. విన్నావా? చెక్కపేడు!" ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా అవతలి గొంతు గదంతా వినిపించింది. "చెక్కపేడు ఏం గొప్పే? దానికన్నా ఎలుకే నయం, ప్రాణం ఉంటుంది!" ఆ సాయంత్రం ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఈసారి మాత్రం తడి దుప్పట్ల జోలికి ఎవరూ పోలేదు.

మరుసటి ఆదివారం మైకత్త స్వయంగా వచ్చింది, పొట్లం నిండా జీడిపప్పు పట్టుకుని. గడపలో నిలబడి, కాస్త తగ్గించిన గొంతుతో అంది. అయినా వ్యాను దగ్గర ఉన్న చిన్న మామగారికి స్పష్టంగా వినిపించింది.

"మరదలా, అప్పుడు నవ్వింది ఎందుకో చెప్పనా? నాకూ దాని అర్థం తెలియదు. కానీ అమ్మ నీకు ఒక పేరు పెట్టింది. కడుపున పుట్టిన నాకు ఎన్నడూ ఏ పేరూ పెట్టలేదు. కడుపు మండింది."

అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "పేరు లేకపోవడమేమిటి వదినా? నీకు మా పిల్లలు ఎప్పుడో పెట్టారు. మైకత్త అని."

మైకత్త నిలువుగుడ్లు వేసింది. తర్వాత ఇల్లు దద్దరిల్లేలా నవ్వింది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. జీడిపప్పంతా ఆ పూటే అయిపోయింది.

అందరూ వెళ్ళాక అత్తా కోడలూ వాకిట్లో దుప్పట్లు మడతపెడుతున్నారు. పెద్ద దుప్పటి కదా, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దగ్గరికి రావాలి, మళ్ళీ దూరం జరగాలి. అలా ఒకసారి దగ్గరికి వచ్చినప్పుడు అత్తగారు ఆగింది.

"అమ్మాయ్, ఒక సంగతి నిన్న గుర్తొచ్చింది. ఆ రోజు గోతిలో కూర్చున్నాను కదా, ఎండ నెత్తిన మండుతోంది. కాసేపటికి ఉన్నట్టుండి చల్లబడింది. మబ్బు పట్టిందనుకున్నాను. తలెత్తి చూస్తే మా అత్త. నల్లగొడుగు ఒకటి పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. మాటా లేదు, పలుకూ లేదు. పొద్దు వాలేదాకా అలాగే పట్టుకుంది."

"మామయ్య ఈ సంగతి చెప్పలేదే!"

"ఆయన ఎక్కడ చూశాడు? తమ్ముడి మొహం కనపడకూడదని ఇంటి గోడవైపు తిరిగి నిలబడ్డాడు." అత్తగారు దుప్పటి కొసలు కోడలి చేతిలో పెట్టి, కిందకి జారిన మడత అందుకుంది. "మధ్యలో ఒకసారి చెయ్యి మార్చుకుంది, నొప్పి పుట్టిందేమో. అది కూడా గుర్తుంది నాకు."

ఆవిడ మడత సాపు చేసి దుప్పటి బుట్టలో పెట్టింది. తీగ మీంచి ఇంకొకటి లాగి, రెండో అంచు కోడలి వైపు విసిరింది.

"పైకెత్తి పట్టుకో, నేల తగులుతోంది" అంది.